‘రూల్ ఆఫ్ థంబ్’: ఆ బొటనవేలు ఎవరిది?

ఉత్తరపు కిటికీ · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక ఇంగ్లీషు నానుడి గురించి అడగాలని వచ్చాను. విషయం చిన్నదే, కానీ నాలుగు రోజులుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

నేను అనువాదకురాలిని. పొదుపు సంఘాల మహిళల కోసం ఇంగ్లీషులో తయారైన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒకచోట, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచుకోవాలని చెబుతూ, ఇది ‘రూల్ ఆఫ్ థంబ్’ (కచ్చితం కాకపోయినా అనుభవం మీద పనికొచ్చే అంచనా) అని రాశారు. దీనికి సరైన తెలుగు మాట ఏమిటని మా బృందం సమావేశంలో అడిగాను. వేరే దేశం నుంచి మాట్లాడుతున్న ఒక సహోద్యోగి వెంటనే అడ్డుకున్నారు. పూర్వం ఇంగ్లండులో భర్త తన బొటనవేలి కంటే లావు కాని కర్రతో భార్యను కొట్టవచ్చని చట్టం ఉండేదట. ఈ మాట అక్కడి నుంచే వచ్చిందట. అందుకని ఎక్కడా వాడకూడదన్నారు.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఆడవాళ్ల చేతికి ఇవ్వబోయే పుస్తకంలో ఇలాంటి మాటా అనిపించింది. ఇరవై ఏళ్లుగా ఈ మాటను ఎన్ని చోట్ల వాడానో లెక్క లేదు. క్షమించమని అడిగి సమావేశం ముగించాను.

నా ప్రశ్నలు రెండు. ఆ కథ నిజమేనా? నిజమైనా కాకపోయినా, దీనికి తెలుగులో ఏమనాలి?

తీరిక వేళ · సోమవారం, రాత్రి 10:05

నేను విన్న కథ వేరు. బీరు కాచేవాళ్లు థర్మామీటర్లు రాక ముందు కాగులో బొటనవేలు ముంచి వేడి చూసేవాళ్లట, అందుకే ఆ పేరు వచ్చిందట. ఎక్కడ చదివానో గుర్తు లేదు.

రైలు పెట్టె · సోమవారం, రాత్రి 10:31

మాకు కళాశాలలో కర్ర కథే చెప్పారు. చెప్పినవారు ఇంగ్లీషు అధ్యాపకురాలు, కనుక నిజమే అనుకుంటూ వచ్చాను. కాదంటే తెలుసుకోవాలని ఉంది.

పదాల పెట్టె · మంగళవారం, ఉదయం 6:50

కిటికీ గారూ, ముందుగా ఒక మాట. మీరు తప్పేమీ చేయలేదు. ఆ నానుడి కర్ర నుంచి పుట్టలేదు. ఎలా చెప్పగలుగుతున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఓపికతో చదవండి.

ఒక మాట ఎక్కడ పుట్టిందని ఎవరైనా కథ చెబితే, నేను మొదట కథను పక్కన పెట్టి తేదీలు చూస్తాను. కర్ర కథకు ఒక న్యాయమూర్తి ఉన్నాడు, ఫ్రాన్సిస్ బుల్లర్. సంవత్సరం 1782. బొటనవేలి కంటే లావు కాని కర్రతో భర్త భార్యను కొట్టవచ్చని ఆయన అన్నట్టు లండనంతా చెప్పుకున్నారు. ఆయన అలా తీర్పు ఇచ్చినట్టు రాతలో ఆధారం మాత్రం ఇంతవరకూ దొరకలేదు. అయినా పుకారు చాలా బలంగా పాకింది. ఆ సంవత్సరం నవంబరులోనే జేమ్స్ గిల్రే అనే వ్యంగ్య చిత్రకారుడు ఆయనను బొమ్మలో ఎక్కించాడు. న్యాయమూర్తి దుస్తుల్లో ఉన్న బుల్లర్ కర్రల మోపులు మోసుకుని అమ్ముతూ ఉంటాడు. ఆ కర్రల కొసలు బొటనవేళ్ల ఆకారంలో ఉంటాయి. వెనుక ఒక మగవాడు కర్ర ఎత్తి భార్యను కొడుతూ ఉంటాడు. ఆ బొమ్మకు ‘జడ్జి థంబ్’ అని పేరు. అప్పటి నుంచి ఆ పేరు ఆయనను వదలలేదు.

ఇప్పుడు నానుడి వైపు చూడండి. జేమ్స్ డర్హమ్ అనే స్కాట్లండు మతబోధకుడు 1658లో చనిపోయాడు. ఆయన ప్రసంగాలు 1685లో అచ్చయ్యాయి. భక్తి పైపైనే ఉన్నవాళ్లను ఆయన తెలివిలేని ఇళ్లు కట్టేవాళ్లతో పోల్చాడు. వాళ్లు ఊహ మీదా, ‘రూల్ ఆఫ్ థంబ్’ మీదా ఆధారపడి గోడ లేపుతారన్నాడు. 1692లో సర్ విలియం హోప్ కత్తిసాము గురించి రాసిన పుస్తకంలోనూ ఈ మాట ఉంది. విద్య నేర్వకుండా కేవలం అలవాటు మీద కత్తి తిప్పేవాడు ‘రూల్ ఆఫ్ థంబ్’ ప్రకారం తిప్పుతాడని అర్థం వచ్చేలా రాశాడు. 1721లో జేమ్స్ కెల్లీ కూర్చిన స్కాట్లండు సామెతల్లో కూడా ఉంది. గురి కుదిరితే అంతకు మించిన కొలత లేదని అక్కడ భావం.

అంటే బుల్లర్ పేరు బొమ్మకెక్కేనాటికి ఈ నానుడి అచ్చులో కనిపించి దాదాపు నూరేళ్లు. డర్హమ్ బతికుండగా అన్న మాట అనుకుంటే ఇంకా పాతది. ఈ మూడింటిలోనూ భార్య లేదు, కర్ర లేదు, న్యాయస్థానం లేదు. ఉన్నది గోడ కట్టే మనిషి, కత్తి తిప్పే మనిషి, పని మీద అంచనా వేసే మనిషి.

ఇంకొక సంగతి ఉంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. ఇక్కడ ‘రూల్’ అంటే చట్టం కాదు, కొలబద్ద. ఇంగ్లీషువాళ్ల కంటే మనకే ఇది తేలికగా అర్థం కావాలి. మన ఇళ్లలో రూళ్లకర్ర ఉంది, రూళ్ల పుస్తకం ఉంది. ఆఫీసులో రూల్సూ ఉన్నాయి. ఒకే ఇంగ్లీషు మాట రెండు దారుల్లో వచ్చి మన దగ్గర రెండు మాటలైంది. రూళ్లకర్రను చూసి ఎవరూ శాసనం అనుకోరు. ‘రూల్ ఆఫ్ థంబ్’లో ఉన్నది ఆ రూళ్లకర్రే. కర్ర చేతిలో లేనప్పుడు బొటనవేలినే కొలబద్దగా వాడడం అన్నమాట. రూల్ అన్న మాటను చట్టంగా చదివిన తరువాతే, మరి ఆ చట్టం ఏమిటన్న ప్రశ్న పుట్టింది. కర్ర కథ ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది.

తీరిక వేళ గారూ, బీరు కథ చాలా చోట్ల కనిపిస్తుంది. దానికి పాత రాతల్లో ఆధారం చూపినవారు నాకు కనబడలేదు. పై మూడు ఉదాహరణల్లో బీరు కాగు కూడా లేదు.

చిత్రిక · మంగళవారం, ఉదయం 8:15

పదాల పెట్టె గారు రూళ్లకర్ర అనగానే మా నాన్న గుర్తుకొచ్చారు. వడ్రంగం మా ఇంటి వృత్తి. నేను చదువుకుని వేరే ఉద్యోగంలోకి వచ్చాను గానీ, పదిహేనేళ్లు వచ్చే వరకూ ఆయన పక్కనే చిత్రిక పొట్టులో కూర్చుని పెరిగాను.

ద్వారబంధం పని పట్టేటప్పుడు ఆయన దగ్గర టేపు ఉండేది, మూలమట్టం ఉండేది. వాటిని తీసేది చివర్లోనే. ముందు దూలం మీద ఎడమచేతి బొటనవేలు అడ్డంగా ఆనించేవారు. గోరు మొదలు దగ్గర వెడల్పు చూసుకుని, కుడిచేతిలోని పెన్సిలుతో గీత పెట్టేవారు. మళ్లీ వేలు ఆ గీత పక్కకు జరిపి ఇంకో గీత. అలా నాలుగు సార్లు జరిపి, అక్కడ ఉలి పెట్టి తొలి గాటు పెట్టేవారు. తొలిచేచోట టేపుతో మళ్లీ సరిచూసేవారు. తేడా ఒక గీత మందం దాటడం నేను చూడలేదు. అయినా టేపు చూడకుండా తొలిచిన రోజు కూడా లేదు.

ఆయన బొటనవేలి గోరు ఒకవైపు నల్లగా చచ్చి ఉండేది, ఎప్పుడో సుత్తి దెబ్బ తగిలి. ‘ఈ వేలు నాకు అంగుళం మీద ఒక గింజ ఎక్కువ’ అనేవారు. తన వేలు ఎంత తప్పు చెబుతుందో ఆయనకు తెలుసు. ఆ తప్పును మనసులోనే తీసేసి గీత పెట్టేవారు.

ఆ మాటను ఆడవాళ్లను కొట్టే కర్రతో ముడిపెడుతుంటే నాకు నిజంగా బాధగా ఉంది. అది పనివాళ్ల మాట.

నల్లకోటు · మంగళవారం, మధ్యాహ్నం 1:20

న్యాయవాదిగా ఒక వైపు చెప్పాలి. నానుడి కర్ర నుంచి పుట్టలేదని పదాల పెట్టె గారు చెప్పింది ఒప్పుకుంటాను. అయితే ఇక్కడితో ఆగితే, కర్రే లేదని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది. కర్ర ఉంది.

ఇంగ్లండు చట్టాలను 1765 నుంచి నాలుగు సంపుటాలుగా వివరించిన విలియం బ్లాక్‌స్టోన్, పాత చట్టం ప్రకారం భర్త భార్యను మితంగా దండించవచ్చని రాశాడు. రెండో చార్లెస్ రాజు (పదిహేడో శతాబ్దం) కాలానికి ఆ అధికారం మీద సందేహాలు మొదలయ్యాయని కూడా ఆయనే రాశాడు. బొటనవేలి లావు ప్రస్తావన ఆయన రాతలో లేదు.

బొటనవేలు నిజంగా న్యాయస్థానంలోకి వచ్చింది అమెరికాలో. ఉత్తర కరొలైనాలో 1868 నాటి రోడ్స్ కేసు చూడండి. భర్త ఒక సన్నని బెత్తంతో భార్యను మూడు దెబ్బలు కొట్టాడు. ఆ బెత్తం వేలంత ఉంది, బొటనవేలంత లేదు. కింది కోర్టు న్యాయమూర్తి బొటనవేలి కంటే లావు కాని బెత్తంతో కొట్టే హక్కు భర్తకు ఉందని చెప్పి అతన్ని వదిలేశాడు. రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ కొలతను ఒప్పుకోలేదు. దెబ్బ ఎంత హాని చేసిందన్నది చూడాలి గానీ కర్ర లావు చూడడమేమిటంది. ఇక్కడ నాకు ఆశ కలుగుతుంది. మరుక్షణమే అది చల్లారుతుంది. ఎందుకంటే అంత చెప్పిన కోర్టే, చిన్న దెబ్బల విషయంలో ఇంటి గుట్టులోకి చట్టం తొంగి చూడకూడదంటూ అతని విడుదలను ఖాయం చేసింది.

1874లో అదే కోర్టు ఆలివర్ కేసులో, బొటనవేలి లావు బెత్తంతో భర్త కొట్టవచ్చన్న పాత సిద్ధాంతం తమ రాష్ట్రంలో చట్టం కాదని స్పష్టంగా చెప్పింది. భర్తకు పడిన శిక్షను నిలబెట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 1871లో, అలబామా కోర్టు కూడా భర్తకు కొట్టే హక్కు లేదని తేల్చింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, కరొలైనా తీర్పులు రెండింటిలోనూ బొటనవేలు ఉంది గానీ ‘రూల్ ఆఫ్ థంబ్’ అన్న నానుడి లేదు.

మనం దూరాన ఉన్న ఇంగ్లండును చూసి ముక్కున వేలేసుకోవలసిన పని కూడా లేదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో భార్యనూ, కొడుకునూ, దాసుణ్నీ తప్పు చేస్తే తాడుతోనో వెదురు బద్దతోనో కొట్టవచ్చని ఉంది. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకూడదో ఆ తరువాతి శ్లోకంలో ఉంది. కొట్టడానికి కొలత పెట్టి దానికి ధర్మం అని పేరు పెట్టడం అన్ని చోట్లా జరిగింది. భార్య మీద భర్తా అత్తింటివాళ్లూ చేసే క్రూరత్వాన్ని నేరం చేసే 498-ఎ సెక్షన్ మన శిక్షాస్మృతిలో చేరింది 1983లో. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. గృహ హింస నుంచి రక్షణ చట్టం 2005లో వచ్చింది.

నీడ చెట్టు · మంగళవారం, సాయంత్రం 5:45

నల్లకోటు గారు ఈ మాట చెప్పినందుకు ధన్యవాదాలు. నేను పద్నాలుగేళ్లుగా హింస నుంచి బయటపడిన ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడే పని చేస్తున్నాను. ఈ చర్చ చదువుతుంటే నాకు ఒక భయం వేసింది. ‘చూశారా, కర్ర కథ అబద్ధమని తేలింది’ అని ఎవరైనా చంకలు గుద్దుకుంటారేమోనని.

ఒకసారి ఒక అమ్మాయి నా ఎదురుగా కూర్చుని, తన చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నాలా చుట్టి చూపించింది. ‘ఇంత లావు మేడమ్, అంతే’ అంది. తక్కువే కొట్టాడని నన్ను ఒప్పించడానికి చూపించింది. భర్తను వెనకేసుకు రావడానికి కర్ర లావు చెబుతోంది. బుల్లర్ ఎవరో ఆమెకు తెలియదు. ఆ రోజు ఆ వేళ్ల మధ్య ఉన్న ఖాళీని నేను మరిచిపోలేదు.

కిటికీ గారూ, మీ సహోద్యోగిని దయచేసి తప్పు పట్టకండి. ఆమె చెప్పిన చరిత్ర పొరపాటు కావచ్చు. ఆ మాట విని మీ ఒళ్లు జలదరించడం మాత్రం పొరపాటు కాదు.

పదాల పెట్టె · మంగళవారం, రాత్రి 8:30

నీడ చెట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా మొదటి సమాధానంలో ఈ సంగతి లేకపోవడం లోటే.

రెండు వేర్వేరు విషయాలు ఎప్పుడు ముడిపడ్డాయో కూడా చెప్పాలి. అలా ముడివేసినవాళ్లు అబద్ధాలకోరులేమీ కాదు. 1976లో అమెరికాలో డెల్ మార్టిన్ భర్తల హింస గురించి ఒక పుస్తకం రాశారు. బొటనవేలి లావు బెత్తం సంగతి చెబుతూ, ఇదీ ఒక విధమైన ‘రూల్ ఆఫ్ థంబ్’ అని మాటతో ఆడుకున్నట్టు రాశారు. నానుడి అక్కడ పుట్టిందని ఆమె అనలేదు. చదివినవాళ్లు అలా అర్థం చేసుకున్నారు. 1982లో అమెరికా పౌర హక్కుల కమిషన్ గృహ హింస మీద తెచ్చిన నివేదికకు శీర్షికలోనే ఈ నానుడిని పెట్టింది. ఆ తరువాత ఇక పట్టపగ్గాలు లేవు. తరగతి గదుల్లో, వార్తల్లో, ఉపన్యాసాల్లో అదే కథ. 1994లో హెన్రీ ఆన్స్‌గర్ కెల్లీ అనే పండితుడు న్యాయవిద్యా పత్రికలో పెద్ద వ్యాసం రాసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూపించాడు. అయినా కథదే పైచేయి. రైలు పెట్టె గారి అధ్యాపకురాలి వరకూ వచ్చింది కదా.

హింసను బయటపెట్టాలన్న తపన నుంచి ఈ పొరపాటు వచ్చింది. దాన్ని సరిదిద్దేటప్పుడు ఆ తపనను చిన్నబుచ్చకూడదని నా అభిప్రాయం.

రైన్ ఒడ్డు · బుధవారం, మధ్యాహ్నం 12:10

జర్మనీలో ఉంటున్నాను, అందుకని పక్క భాషల సంగతి నాలుగు మాటలు. జర్మన్లు దీన్నే ‘ఫౌస్ట్‌రెగెల్’ అంటారు, అంటే పిడికిలి నియమం. డచ్చివాళ్లదీ పిడికిలే. మా ఆఫీసులో లెక్క సరిగ్గా తేలనప్పుడు ‘పై (వృత్తాల లెక్కల్లో వచ్చే π) సార్లు బొటనవేలు’ అనే అర్థం వచ్చే మాట రోజూ వినబడుతుంది. స్వీడన్‌లో ‘తుమ్రెగెల్’ అంటారు, అది బొటనవేలిదే. వాళ్ల భాషలో ‘తుమ్’ అంటే అంగుళం, ‘తుమ్మె’ అంటే బొటనవేలు. ఫ్రెంచిలో ‘పూస్’, ఇటాలియన్‌లో ‘పొల్లిచె’, డచ్చిలో ‘డౌమ్’. ఈ మూడు మాటలకూ బొటనవేలు, అంగుళం అనే రెండు అర్థాలూ ఉన్నాయి.

ఇన్ని భాషల్లో వేలే అంగుళమైనప్పుడు, బొటనవేలి కొలబద్ద అంటే ఏమిటో వేరే కథ వెతకవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

లెక్కల మాస్టారు · బుధవారం, రాత్రి 7:25

అందరికీ నమస్కారం. ముప్ఫై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. రైన్ ఒడ్డు గారు అంగుళం దగ్గరకు తెచ్చారు కాబట్టి అక్కడి నుంచి అందుకుంటాను.

స్కాట్లండులో మొదటి డేవిడ్ రాజు పేరు మీద ఉన్న పాత కొలతల శాసనంలో అంగుళాన్ని ఎలా నిర్ణయించారో తెలుసా? ఒక పెద్ద మనిషి, ఒక మధ్యరకం మనిషి, ఒక చిన్న మనిషి. ముగ్గురి బొటనవేళ్ల వెడల్పులూ గోరు మొదలు దగ్గర కొలిచి, సగటు తీయాలి. చిత్రిక గారి నాన్నగారు కొలిచింది కూడా సరిగ్గా గోరు మొదలు దగ్గరే కదా! పదాల పెట్టె గారు చూపించిన మూడు పాత ఉదాహరణలూ స్కాట్లండువే కావడం కూడా నాకు ఆసక్తిగా ఉంది. అది రుజువు కాదు, గుర్తు పెట్టుకోదగ్గ పొంతన.

ఇంగ్లండులో పద్నాలుగో శతాబ్దంలో ఎండిన గుండ్రని యవల (బార్లీ) గింజలు మూడు వరుసగా పేర్చితే ఒక అంగుళం అన్నారు. మన కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఎనిమిది యవల మధ్య వెడల్పు ఒక అంగుళం. లేదా మధ్యరకం మనిషి నడిమి వేలికి నడుమ ఉండే వెడల్పు. వేలు, గింజ, మధ్యరకం మనిషి! ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ పట్టుకున్న దారి ఒకటే. వేళ్లు మనిషికొక తీరుగా ఉంటాయి కనుక సగటు మనిషిని వెతకవలసి వచ్చింది.

పిల్లలకు ఎప్పుడూ చెప్పే సంగతి ఇంకొకటి. అర్థశాస్త్రంలో పన్నెండు అంగుళాలు జాన, ఇరవై నాలుగు అంగుళాలు మూర. మూర అంటే ఇప్పటి లెక్కలో పద్దెనిమిది అంగుళాలంటున్నాం. అంటే మన పాత అంగుళం ఇప్పటి అంగుళంలో ముప్పావు వంతు, సుమారు 1.9 సెంటీమీటర్లు. నడిమి వేలి వెడల్పు అంతే ఉంటుంది, కావాలంటే కొలిచి చూసుకోండి. ఇంగ్లీషువాళ్ల బొటనవేలి కొలత మన దేశానికి వచ్చినప్పుడు మన నడిమి వేలి పేరు తీసి దానికి తగిలించాం. 1959లో దాన్ని 2.54 సెంటీమీటర్లుగా స్థిరపరిచారు. అంతకు ముందు సంవత్సరమే మన దేశంలో మెట్రిక్ కొలతలు అమలులోకి వచ్చాయి. అయినా తలుపు చెక్క మందం ఇప్పటికీ అంగుళాల్లోనే అడుగుతాం.

రైలు పెట్టె · బుధవారం, రాత్రి 8:02

మాస్టారూ, చిన్న సందేహం. ‘ఇంచుమించు’ అంటాం కదా, అందులో ఉన్నది ఇంగ్లీషు ఇంచేనా?

లెక్కల మాస్టారు · బుధవారం, రాత్రి 8:20

కాదు బాబూ. పాత తెలుగు పద్యాల్లో ‘ఇంచుక’ అంటే కొంచెం. ‘మించు’ మనకు తెలిసిందే. కొంచెం అటూ ఇటూ అన్నమాట. ఇంగ్లీషు మన ఊళ్లకు రాకముందే ‘ఇంచుక’ ఉంది. అయితే నీ సందేహం చూస్తే కర్ర కథ ఎలా పుట్టిందో అర్థమవుతోంది. రెండు మాటలు ఒకేలా వినబడితే చాలు, మనసు వాటికి చుట్టరికం కలిపేస్తుంది.

తులసికోట · గురువారం, ఉదయం 7:10

ఇంత పెద్దవాళ్ల మధ్య నేనేమి రాయగలను అనుకున్నాను. కానీ వేలితో కొలవడం అన్నాక వంటింటిని వదిలేస్తే ఎలా?

అన్నానికి ఎసరు మా అమ్మమ్మ గ్లాసుతో కొలిచి పోయడం నేను చూడలేదు. కడిగిన బియ్యాన్ని గిన్నెలో చేత్తో సమంగా సర్ది, చూపుడువేలి కొసను బియ్యం మీద ఆనించేది. నీళ్లు మొదటి కణుపు దగ్గరకు రాగానే ఆపేది. పాత బియ్యమైతే కణుపు మునగాలి. కొత్త బియ్యమైతే కణుపు గీత పైకి కనబడుతూ ఉండాలి. నేను మొదటిసారి వండిన రోజు అన్నం ముద్దయింది. కణుపు వరకే పోశానని అన్నాను. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, తన వేలి పక్కన నా వేలు పెట్టింది. నా కణుపు ఆమె కణుపు కంటే గోరంత పైన ఉంది. ‘నీ వేలికి నీ లెక్క నువ్వే చూసుకోవాలి’ అంది. అన్నం ఎలా వస్తోందో చూసుకుంటూ వారం రోజుల్లో నా గీత నేను కనుక్కున్నాను.

చిత్రిక గారి నాన్నగారు తన వేలు ఒక గింజ ఎక్కువని చెప్పడం చదివితే నాకు అమ్మమ్మే కనబడింది. మల్లెపూలు మూరల్లెక్కన కొనేటప్పుడు కూడా అంతే కదా. చెయ్యి పొడుగున్న ఆమె దగ్గరే మా అమ్మ కొనేది.

ఉత్తరపు కిటికీ · గురువారం, ఉదయం 10:30

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వారం రోజుల బరువు దిగింది. నీడ చెట్టు గారు చెప్పిన అమ్మాయి మాత్రం మనసులోంచి పోవడం లేదు.

ఇక రెండో ప్రశ్న మిగిలింది. తెలుగులో ఏమనాలి? ‘ఉజ్జాయింపు సూత్రం’ అని రాసి చూశాను. పరీక్ష పుస్తకంలా ఉంది. ‘బొటనవేలి నియమం’ అంటే చదివే ఆమెకు ఏమీ తోచదు.

తీరిక వేళ · గురువారం, ఉదయం 11:00

‘కాకి లెక్క’ అనకూడదా?

పదాల పెట్టె · గురువారం, మధ్యాహ్నం 12:40

కాకి లెక్క వద్దండీ. ఆధారం లేకుండా నోటికొచ్చినట్టు చెప్పే లెక్కను అలా అంటాం. అందులో తిట్టు ఉంది. ‘రూల్ ఆఫ్ థంబ్’లో తిట్టు లేదు. అది కచ్చితం కాదు, కానీ అనుభవం దాని వెనుక ఉంది.

మనకు అచ్చమైన మాట ఒకటి ఉంది. ‘బండగుర్తు’. వ్యాకరణం చెప్పే పంతుళ్లు ‘దీనికొక బండగుర్తు చెబుతాను’ అంటారు. బండ అంటే ఇక్కడ మొరటు, నునుపు చేయనిది. మొరటుదే అయినా పని జరిపించే గుర్తు. అన్ని చోట్లా సరిపోతుందని అది మాట ఇవ్వదు, దారి మాత్రం చూపుతుంది.

రైలు పెట్టె · గురువారం, మధ్యాహ్నం 1:15

మా వైపు ‘కొండగుర్తు’ అని వింటాను. రెండూ ఒకటేనా?

పదాల పెట్టె · గురువారం, మధ్యాహ్నం 2:05

దగ్గర మాటలే గానీ ఒకటి కాదు. కొండగుర్తు అంటే దూరం నుంచి కనబడే ఆనవాలు. ఇంటికి దారి చెప్పేటప్పుడు ‘వేపచెట్టు కొండగుర్తు’ అంటాం. లెక్కకూ అంచనాకూ బండగుర్తే నప్పుతుంది.

నీడ చెట్టు · గురువారం, సాయంత్రం 6:20

బండగుర్తు బాగుంది. పొదుపు సంఘాల ఆడవాళ్లకు ఆ మాట వివరించవలసిన పని ఉండదు. అయితే ఒక విన్నపం. మూడు నెలల ఖర్చు అని రాసి వదిలేయకండి. రోజుకూలీ మీద బతికే ఆమెకు మూడు నెలల డబ్బు అనేది కొండంత. తులసికోట గారి అమ్మమ్మ అన్నట్టు, ఎవరి వేలికి వాళ్ల లెక్క ఉండాలి కదా.

ఉత్తరపు కిటికీ · శుక్రవారం, రాత్రి 9:15

వాక్యం ఇలా మార్చాను. మీ అందరి చెయ్యీ ఇందులో ఉంది:

‘మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోవాలన్నది ఒక బండగుర్తు. మీ ఇంటి రాబడి ఎలా వస్తుందో, ఏ నెలలో ఆగిపోతుందో మీకే బాగా తెలుసు. ముందు ఒక వారం ఖర్చుతో మొదలుపెట్టండి. అక్కడి నుంచి మీ లెక్క మీరు చూసుకోండి.’

సంస్థవాళ్లు ఒప్పుకున్నారు. మూలంలో లేని రెండు వాక్యాలు చేర్చినా ఏమీ అనలేదు.

సహోద్యోగికి కూడా ఉత్తరం రాశాను. 1685, 1692, 1782 అన్న మూడు తేదీలూ వరుసగా పెట్టి, కరొలైనా కేసులు రెండూ వివరించాను. నీడ చెట్టు గారి మాటను గుర్తు చేసుకుని, మీరు చెప్పబట్టే ఇంత తెలిసిందని చివర రాశాను. ఆమె ఈ సాయంత్రం జవాబిచ్చారు. తన తల్లి చెప్పగా విన్న కథ అట అది. తల్లి ఎందుకు చెప్పిందో ఇప్పుడు ఆలోచిస్తున్నానని రాశారు. అంతకు మించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

చిత్రిక · శుక్రవారం, రాత్రి 10:40

బండగుర్తు మాట మా నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. ఆయనకు ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు, చూపు తగ్గింది. ఇంగ్లీషువాళ్లకు కూడా బొటనవేలే కొలబద్దట అని చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘మరి వాళ్లు టేపుతో సరిచూసుకుంటారా?’ అని అడిగారు.